బాన్సువాడ - దుబాయి దూరం, ప్రయాణ కాలం

తెలంగాణ రాష్ట్రం, కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ పట్టణానికి, ఐక్య అరబ్ ఎమిరేట్స్ లోని దుబాయి నగరానికి మధ్య ఆకాశ మార్గాన సరళ దూరం సుమారు 2,440 కిలోమీటర్లు. బాన్సువాడకు విమానాశ్రయం గాని, రైల్వే స్టేషను గాని లేవు. అందుచేత ఇక్కడి ప్రయాణికులు రోడ్డు మార్గాన హైదరాబాదు సమీపంలోని శంషాబాదుకు చేరి, అక్కడి రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుండి విమానం ఎక్కుతారు. శంషాబాదు నుండి దుబాయికి సుమారు 2,550 కి.మీ. విమానం ఈ దూరాన్ని నాలుగు గంటలకు కాస్త అటూ ఇటూగా పూర్తి చేస్తుంది. అయితే బాన్సువాడలో ఇంటి గడప దాటినది మొదలు దుబాయిలో బసకు చేరేవరకు పట్టే కాలం సుమారు 13 నుండి 14 గంటలు. ఈ తేడా ఎందుకు వస్తుందో, ప్రయాణ కాలాన్ని ఎలా లెక్కించాలో ఈ వ్యాసంలో వివరించబడినది.

నేపథ్యం

బాన్సువాడ పూర్వం నిజామాబాదు జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కామారెడ్డి జిల్లాలో చేరి, రెవెన్యూ డివిజను కేంద్రమైనది. సమీపంలో మంజీరా నదిపై 1923-1931 మధ్యకాలంలో నిర్మించబడిన నిజాంసాగర్ ప్రాజెక్టు కలదు. దాని ఆయకట్టులో వరి, చెరకు ప్రధాన పంటలు.

1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాలలో నిర్మాణ పనులు విస్తరించాయి. అప్పటి నుండి నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాల పల్లెలనుండి వేలాదిమంది కూలీలు, మేస్త్రీలు, డ్రైవర్లు ఆ దేశాలకు వెళ్ళసాగారు. ఈ వలస ఎంతగా స్థిరపడినదంటే, మనిషి సౌదీ అరేబియాకు వెళ్ళినా, కువైటుకు వెళ్ళినా ఊళ్ళో "దుబాయి పోయిండు" అనటం ఈ ప్రాంతపు వాడుక. కనుక దుబాయి ఎంత దూరం, ఎంతసేపట్లో చేరవచ్చు అన్నది ఇక్కడ భూగోళ పాఠంలోని ప్రశ్న మాత్రమే కాదు, ఇంటింటా అవసరపడే లెక్క.

దూరాన్ని కొలిచే విధానం

భూమి గోళాకారంలో ఉన్నది కాబట్టి రెండు ఊళ్ళ మధ్య అతి దగ్గరి దారి, పటం మీద స్కేలు పెట్టి గీసిన గీత కాదు. భూగోళం బొమ్మపై రెండు ఊళ్ళనూ కలుపుతూ ఒక దారాన్ని బిగించి పట్టుకుంటే ఆ దారం ఎక్కడ ఆనుతుందో అదే అతి దగ్గరి దారి. దీనిని మహావృత్త మార్గం అంటారు. భూమి కేంద్రం గుండా పోయే తలం భూమి ఉపరితలాన్ని ఖండించే వృత్తమే మహావృత్తం. భూమధ్యరేఖ ఒక మహావృత్తం. ఎదురెదురుగా ఉండే రెండు రేఖాంశాలు కలిసి మరొక మహావృత్తం.

ఈ వృత్తంపై ఒక డిగ్రీ దూరం సుమారు 111.2 కి.మీ. డిగ్రీలో అరవయ్యవ వంతును, అనగా ఒక నిమిషాన్ని, ఒక నాటికల్ మైలుగా లెక్కిస్తారు. ఇది 1.852 కి.మీ.కు సమానం. విమాన చోదకులు, నావికులు దూరాలను ఈ కొలతలోనే చెబుతారు.

శంషాబాదు విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. దుబాయి విమానాశ్రయం 25.25 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 55.36 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. వీటి మధ్య మహావృత్తపు కోణం సుమారు 22.9 డిగ్రీలు. దీనిని 111.2 చేత గుణించగా 2,546 వస్తుంది. నాటికల్ మైళ్ళలో ఇది సుమారు 1,375. భూమి ధ్రువాల వద్ద కాస్త నొక్కుకొని ఉండటం వలన ఈ లెక్కలో రెండు మూడు కిలోమీటర్ల తేడా రావచ్చు. అందుకే 2,550 కి.మీ. అని చెప్పుకోవటం పరిపాటి.

ఈ గీత శంషాబాదు నుండి పడమటికి, కొంచెం ఉత్తరానికి వంగి సాగుతుంది. జహీరాబాద్, కర్ణాటకలోని బసవకల్యాణ్ ప్రాంతాల మీదుగా మహారాష్ట్రలో ప్రవేశించి, ముంబయికి కాస్త ఉత్తరంగా తీరం దాటి, అరేబియా సముద్రం మీదుగా ఒమన్ తీరానికి చేరుతుంది. విమానాలు ఖచ్చితంగా ఈ గీత మీదనే ఎగరవు. నిర్ణయించబడిన వాయుమార్గాలను, నియంత్రణ కేంద్రాల సూచనలను, వాతావరణాన్ని అనుసరించి కొంత చుట్టు తిరుగుతాయి.

దగ్గరి దూరాలలో మహావృత్త మార్గానికీ, పటంపై గీతకూ పెద్ద తేడా కనిపించదు. దూరం పెరిగినకొద్దీ తేడా స్పష్టమవుతుంది. ఉదాహరణకు హైదరాబాదు నుండి అమెరికాలోని షికాగోకు 2021 జనవరిలో ఎయిర్ ఇండియా సంస్థ నేరు విమానాన్ని ప్రారంభించినది. ఆ రెండు నగరాల మధ్య దూరం సుమారు 13,300 కి.మీ. పటం చూసినవారు అమెరికాకు దారి పడమటి దిక్కున ఉన్నదనుకుంటారు. కాని అతి దగ్గరి దారి హైదరాబాదు నుండి దాదాపు నేరుగా ఉత్తరానికి సాగి, 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం వరకు, అనగా ఉత్తర ధ్రువానికి 1,250 కి.మీ. సమీపానికి వెళ్ళి, మళ్ళీ కిందికి దిగుతుంది.

ముందు వెనుకకు, తరువాత ముందుకు

పైన చెప్పిన పద్ధతిలోనే బాన్సువాడ నుండి లెక్కిస్తే దుబాయికి దూరం సుమారు 2,440 కి.మీ. మాత్రమే వస్తుంది. అనగా శంషాబాదు విమానాశ్రయం కంటే బాన్సువాడ పట్టణమే దుబాయికి దాదాపు 100 కి.మీ. దగ్గర. కాని ఆ దగ్గరతనం ప్రయాణికునికి ఉపయోగపడదు. దుబాయి వాయవ్య దిక్కున ఉండగా, అతడు ముందుగా ఆగ్నేయ దిక్కుకు ప్రయాణించి విమానాశ్రయం చేరాలి.

శంషాబాదుకు రెండు ప్రధాన మార్గాలు కలవు. మొదటిది పిట్లం వద్ద 161వ జాతీయ రహదారిని అందుకొని సంగారెడ్డి, పటాన్‌చెరు మీదుగా హైదరాబాదు బాహ్యవలయ రహదారికి చేరటం. రెండవది కామారెడ్డి మీదుగా 44వ జాతీయ రహదారిపై మేడ్చల్ వరకు వచ్చి, అక్కడ బాహ్యవలయ రహదారిని అందుకోవటం. ఎంచుకున్న మార్గాన్ని బట్టి దూరం 180 నుండి 220 కి.మీ. ఉంటుంది. కారులో నాలుగు గంటలు, ఒక్కొక్కప్పుడు అంతకంటే ఎక్కువ పడుతుంది. ఆర్టీసీ బస్సులో వచ్చేవారు సికింద్రాబాదులోని జూబ్లీ బస్ స్టేషను వద్ద దిగి, విమానాశ్రయానికి వెళ్ళే పుష్పక్ బస్సు ఎక్కవచ్చు. రైలులో రాదలచినవారు ముందు కామారెడ్డికి గాని, నిజామాబాదుకు గాని చేరాలి.

గాలి ప్రభావం

దుబాయికి వెళ్ళే విమానం, తిరిగి వచ్చే విమానం ఒకే దూరం ఎగిరినా ఒకే సమయం తీసుకోవు. శీతాకాలంలో ఉత్తర భారతదేశం, అరేబియా ప్రాంతాల మీద పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుండి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. పడమటికి వెళ్ళే విమానానికి ఇవి ఎదురుగాలులు. తూర్పుకు వచ్చే విమానానికి వెన్నుగాలులు. జూన్ నుండి సెప్టెంబరు వరకు, నైరుతి ఋతుపవన కాలంలో, దక్షిణ భారతదేశం మీద ఆ ఎత్తులో గాలులు తూర్పు నుండి వీస్తాయి. అప్పుడు వెళ్ళే విమానానికి ఎదురుగాలి బాధ తగ్గుతుంది.

ఒక ఉదాహరణ తీసుకొందాం. గాలిలో విమానం వేగం గంటకు 840 కి.మీ., గాలి వేగం గంటకు 70 కి.మీ. అనుకొందాం.

* వెళ్ళేటప్పుడు నేలను బట్టి వేగం 840 - 70 = 770 కి.మీ. పట్టే కాలం 2,550 ÷ 770, అనగా 3 గంటల 19 నిమిషాలు.
* వచ్చేటప్పుడు వేగం 840 + 70 = 910 కి.మీ. పట్టే కాలం 2,550 ÷ 910, అనగా 2 గంటల 48 నిమిషాలు.
* గాలి లేనప్పుడు ఒక్కొక్క వైపు 3 గంటల 2 నిమిషాలు.

పోయేటప్పుడు పోగొట్టుకున్న సమయం వచ్చేటప్పుడు పూర్తిగా తిరిగి రాకపోవటం ఇక్కడ గమనించదగినది. గాలి ఉన్నప్పుడు రానుపోను కాలం 6 గంటల 7 నిమిషాలు కాగా, గాలి లేనప్పుడు 6 గంటల 4 నిమిషాలే. నెమ్మదిగా ఎగిరే వైపు విమానం ఎక్కువసేపు ఉండటమే ఇందుకు కారణం. విమానం నేలపై కదలటానికి, పైకి లేవటానికి, దిగటానికి పట్టే అదనపు సమయం అరగంట వరకు ఉంటుంది. అది కూడా కలిపితే వెళ్ళేటప్పుడు సుమారు 3 గంటల 50 నిమిషాలు, వచ్చేటప్పుడు సుమారు 3 గంటల 20 నిమిషాలు అవుతుంది. విమాన సంస్థలు తమ పట్టికలో ఆలస్యాలకు మరికొంత వెసులుబాటు కలిపి చూపిస్తాయి.

గడియారంలో తేడా

భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నిర్ణయించబడినది. దుబాయి కాలం 60 డిగ్రీల తూర్పు రేఖాంశానికి సరిపోతుంది. రెండింటి మధ్య 22.5 డిగ్రీలు. భూమి ఒక డిగ్రీ తిరగటానికి 4 నిమిషాలు పడుతుంది కనుక తేడా 90 నిమిషాలు. బాన్సువాడలో ఉదయం 10 గంటలైనప్పుడు దుబాయిలో 8.30 అవుతుంది. రెండు చోట్లా ఎండాకాలంలో గడియారం ముందుకు జరిపే పద్ధతి లేదు. కాబట్టి ఈ తేడా ఏడాది పొడవునా మారదు.

టికెట్టు మీద ముద్రించే సమయాలు ఎప్పుడూ ఆయా ఊళ్ళ స్థానిక కాలాలు. శంషాబాదులో ఉదయం 10 గంటలకు బయలుదేరిన విమానం నాలుగు గంటలు ప్రయాణించి దుబాయిలో మధ్యాహ్నం 12.30కు దిగినట్లు కనిపిస్తుంది. చూడటానికి రెండున్నర గంటల ప్రయాణంలా ఉంటుంది. దుబాయిలో ఉదయం 10కి బయలుదేరి మూడున్నర గంటలు ప్రయాణించిన విమానం శంషాబాదులో మధ్యాహ్నం 3 గంటలకు దిగుతుంది. చూడటానికి ఐదు గంటల ప్రయాణంలా ఉంటుంది. అసలు కాలం తెలియాలంటే వెళ్ళేటప్పుడు గంటన్నర కలపాలి, వచ్చేటప్పుడు గంటన్నర తీసివేయాలి.

అర్ధరాత్రి విమానాలు, తేదీలు

గల్ఫ్ విమానాలు చాలావరకు రాత్రివేళ, తెల్లవారుజామున ఉంటాయి. తొలిసారి ప్రయాణించేవారు తేదీ విషయంలో పొరపాటు పడే అవకాశం ఇక్కడే ఎక్కువ. టికెట్టుపై "12వ తేదీ, 00:40" అని ఉంటే విమానం 11వ తేదీ రాత్రి అర్ధరాత్రి దాటిన 40 నిమిషాలకు బయలుదేరుతుందని అర్థం. మన వాడుకలో తెల్లవారితేనే మరుసటి రోజు. గడియారం లెక్కలో అర్ధరాత్రి దాటగానే తేదీ మారుతుంది. పై విమానానికి మూడు గంటల ముందు, అనగా 11వ తేదీ రాత్రి 9.40కి విమానాశ్రయంలో ఉండాలి. అందుకు బాన్సువాడ నుండి 11వ తేదీ సాయంత్రం 4 గంటలకే బయలుదేరటం మంచిది. 12వ తేదీ సాయంత్రం బయలుదేరినవాడు చేరేసరికి విమానం వెళ్ళిపోయి ఇరవై గంటలు దాటుతుంది. అప్పు తెచ్చి కొన్న టికెట్టు అయితే ఆ నష్టం చిన్నది కాదు.

తిరుగు ప్రయాణంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. దుబాయిలో 11వ తేదీ రాత్రి 10 గంటలకు బయలుదేరిన విమానం శంషాబాదులో 12వ తేదీ తెల్లవారుజామున 2.50 ప్రాంతంలో దిగుతుంది. ఎదురు వెళ్ళే కుటుంబసభ్యులు బయలుదేరే తేదీని కాక, దిగే తేదీని అడిగి తెలుసుకోవాలి.

ఇంటి నుండి బస వరకు

నేరు విమానంలో వెళ్ళేవారికి మొత్తం ప్రయాణ కాలం సుమారుగా ఈ విధంగా ఉంటుంది.

* బాన్సువాడ నుండి శంషాబాదు వరకు రోడ్డు ప్రయాణం - 4 నుండి 5 గంటలు
* విమానాశ్రయంలో సామాను అప్పగింత, వలస తనిఖీ, భద్రతా తనిఖీ, నిరీక్షణ - 3 గంటలు
* విమాన ప్రయాణం - 4 గంటలు
* దుబాయిలో ప్రవేశ తనిఖీ, సామాను తీసుకోవటం - గంట నుండి గంటన్నర
* విమానాశ్రయం నుండి సోనాపూర్, అల్ ఖోజ్, జెబెల్ అలీ వంటి కార్మిక నివాస ప్రాంతాలకు - అరగంట నుండి గంట

మొత్తం 13 నుండి 14 గంటలు. ఇందులో విమానం గాలిలో ఉండే కాలం మూడవ వంతు కూడా కాదు. దూరంలో మాత్రం పదింట తొమ్మిది వంతులకు పైగా విమానమే దాటుతుంది. చవక టికెట్టు కోసం ముంబయి, మస్కట్ వంటి చోట్ల విమానం మారేవారికి మధ్యలో వేచి ఉండే కాలాన్ని బట్టి మరికొన్ని గంటలు పెరుగుతాయి.

పనికి వెళ్ళేవారికి ఇది కాక ముందుగా పట్టే కాలం కూడా ఉన్నది. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారిలో చాలామంది పాస్‌పోర్టులు వలస అనుమతి అవసరమైన తరగతిలోకి వస్తాయి. 1983 నాటి వలసల చట్టం ప్రకారం, ఇటువంటివారు నిర్దేశించబడిన 18 దేశాలలో ఉద్యోగానికి వెళ్ళాలంటే వలసదారుల సంరక్షణాధికారి అనుమతి పొందాలి. ఆ దేశాలలో ఐక్య అరబ్ ఎమిరేట్స్ ఒకటి. వైద్య పరీక్షలు, వీసా, ఈ అనుమతి పూర్తి అయ్యేసరికి వారాలు గడుస్తాయి. తొందరపడి ఉద్యోగ వీసాకు బదులు సందర్శక వీసాపై పనికి వెళ్ళినవారికి ఆ దేశపు కార్మిక చట్టాల రక్షణ అందదు.

పూర్వపు ప్రయాణం

దుబాయి విమానాశ్రయం 1960లో ప్రారంభమైనది. అంతకు ముందూ, ఆ తరువాత చాలాకాలమూ సామాన్యులకు గల్ఫ్ ప్రయాణమంటే బొంబాయి నుండి ఓడ ప్రయాణమే. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ సంస్థకు చెందిన ఓడలు బొంబాయి నుండి కరాచీ, మస్కట్ వంటి రేవులలో ఆగుతూ గల్ఫ్‌కు వెళ్ళేవి. వాటిలో చివరిదైన "ద్వారకా" 1982 వరకు నడిచినది. ఆ ప్రయాణం గంటలలో కాక రోజులలో లెక్క.

విమానాలు వచ్చిన తరువాత కూడా నిజామాబాదు ప్రాంతపువారు మొదట బొంబాయికే వెళ్ళేవారు. ఏజెంట్లు అక్కడే ఉండటం, విమానాలు అక్కడినుండే ఎక్కువగా ఉండటం ఇందుకు కారణాలు. ముంబయి నుండి దుబాయికి దూరం సుమారు 1,930 కి.మీ. విమానంలో మూడు గంటలు. కాని ఆ మూడు గంటల కోసం ముందుగా ఒక రాత్రంతా బస్సులో గాని, నాందేడ్, ఔరంగాబాద్ మీదుగా పోయే రైలులో గాని ప్రయాణించి, వీసా వచ్చేవరకు ఆ నగరంలో రోజుల తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. హైదరాబాదు బేగంపేట విమానాశ్రయం నుండి గల్ఫ్ విమానాలు పెరగటం, 2008 మార్చి 23 నుండి శంషాబాదు విమానాశ్రయం పనిచేయటంతో ఆ పరిస్థితి మారినది.

ఇతర గల్ఫ్ నగరాలకు దూరాలు

శంషాబాదు నుండి ఇతర గల్ఫ్ నగరాలకు మహావృత్త దూరాలు సుమారుగా ఇవి.

* మస్కట్ (ఒమన్) - 2,210 కి.మీ.
* దుబాయి - 2,550 కి.మీ.
* దోహా (ఖతార్) - 2,910 కి.మీ.
* బహ్రెయిన్ - 3,030 కి.మీ.
* కువైట్ - 3,370 కి.మీ.
* రియాద్ (సౌదీ అరేబియా) - 3,390 కి.మీ.
* జెద్దా (సౌదీ అరేబియా) - 4,140 కి.మీ.

మస్కట్ కాలం దుబాయి కాలంతో సమానం. మిగిలిన నగరాల కాలం భారత కాలం కంటే రెండున్నర గంటలు వెనుక. ఊళ్ళో అందరూ "దుబాయి" అని ఒకే పేరుతో పిలిచినా, జెద్దాలో ఉన్నవాడు దుబాయిలో ఉన్నవాని కంటే దాదాపు 1,600 కి.మీ. ఎక్కువ దూరంలో ఉన్నాడు.

దూరం పెరిగే సందర్భాలు

కిలోమీటర్లు మారకపోయినా ప్రయాణ కాలం మారిపోయే సందర్భాలు కలవు. కోవిడ్ వ్యాప్తి కారణంగా 2020 మార్చిలో భారతదేశం అంతర్జాతీయ ప్రయాణికుల విమానాలను నిలిపివేసినది. గల్ఫ్‌లో పని పోయినవారు సైతం ఇంటికి రాలేకపోయారు. "వందే భారత్ మిషన్" పేరిట ప్రత్యేక విమానాలు 2020 మే 7న మొదలయ్యాయి. సాధారణ అంతర్జాతీయ విమానాలు 2022 మార్చి 27న గాని పునఃప్రారంభం కాలేదు. 2024 ఏప్రిల్ 16న దుబాయిలో కురిసిన భారీ వర్షానికి విమానాశ్రయం నీట మునిగి, కొన్ని రోజులపాటు రాకపోకలు అస్తవ్యస్తమయ్యాయి.

ఇంటివద్ద తల్లిదండ్రులెవరైనా మరణించినప్పుడు ఈ లెక్క మరింత కఠినంగా తెలియవస్తుంది. కబురు అందిన వెంటనే సెలవు, టికెట్టు దొరికినా ఇల్లు చేరేసరికి ఒక పగలు, ఒక రాత్రి గడవవచ్చు. పాస్‌పోర్టు చేతిలో లేకపోతే అదీ సాధ్యం కాదు. కార్మికుని పాస్‌పోర్టును యజమాని తనవద్ద ఉంచుకోవటం ఐక్య అరబ్ ఎమిరేట్స్ లో చట్టవిరుద్ధం. వీసా గడువు దాటి ఉండిపోయినవారు రోజువారీ జరిమానా చెల్లించనిదే సాధారణంగా దేశం విడిచి రాలేరు. ఇటువంటివారికోసం ఆ దేశం 2018లోను, 2024లోను క్షమాభిక్ష ప్రకటించినది. ఆ గడువులలో జరిమానా లేకుండా స్వదేశానికి రావటానికి వీలు కలిగినది.

కార్మికుడే అక్కడ మరణిస్తే అతని భౌతికకాయం చేరటానికి మరింత కాలం పడుతుంది. ఆసుపత్రి, పోలీసు పత్రాలు, మరణ ధృవీకరణ పత్రం, భారత కాన్సులేట్‌లో పాస్‌పోర్టు రద్దు, అనుమతి పత్రం, దేహం చెడకుండా చేసే ప్రక్రియ, విమానంలో సరకు విభాగపు ఏర్పాటు వరుసగా పూర్తి కావాలి. నాలుగు గంటల దారి కొన్ని రోజులు, మరణ కారణంపై విచారణ ఉంటే వారాలు కూడా కావచ్చు. పాస్‌పోర్టు, వీసా నకళ్ళు, పనిచేసే సంస్థ పేరు, చిరునామా ఇంటివద్ద ఒక ప్రతి ఉంచుకున్న కుటుంబాలకు ఇటువంటప్పుడు కొంత కాలం కలిసివస్తుంది.

ఇవి కూడా చూడండి

* బాన్సువాడ
* కామారెడ్డి జిల్లా
* నిజాంసాగర్ ప్రాజెక్టు
* రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం
* దుబాయి
* అక్షాంశాలు, రేఖాంశాలు
* భారత ప్రామాణిక కాలం